తోడు లేకుండా వాడరాదు

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె తన యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు. అట్లాంటి మనిషితో ఒకే వంటింట్లో పన్నెండేళ్ళు నెగ్గుకురావడం ఎంత కష్టమో, తప్పులు చేసే అత్తలున్న అదృష్టవంతులకు అర్థం కాదు.

పాయసంలో చక్కెరకు బదులు ఉప్పు పడితే ఆ తప్పు ఉప్పుది. అంత తెల్లగా ఎవరుండమన్నారు దాన్ని? చీర మీద పప్పు ఒలికితే తప్పు గిన్నెది. మూడేళ్ళ కింద మా ఆడబిడ్డను చూడడానికి మానుకోటకు బయలుదేరి, జనగామ స్టేషన్‌లో ఎదురు దిక్కు పోయే బండి ఎక్కి, ఆలేరులో దిగింది. దిగిందంటే, టికెట్లు చూసే ఆయన దింపాడు. సాయంత్రం ఇల్లు చేరి, చెప్పులు విడవకముందే తీర్పు చెప్పేసింది.

“రైలు తప్పొచ్చింది.”

“రైలు తప్పెట్ల వస్తదవ్వా?” అన్నారు మా ఆయన.

“వచ్చింది మరి. నాకొక్కదానికే గాదు, గా డబ్బల కూసున్నోళ్ళందరికి తప్పొచ్చింది. వాళ్ళకింక ఎరుక లేదు, పాపం.”

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ రైలు ఊసెత్తడం నిషేధం.

మా ఆయన నిరంజన్ హైస్కూల్లో సైన్సు సారు. బళ్ళో ఆయన గొంతు మూడు గదుల అవతలికి వినిపిస్తుందని పిల్లలు చెప్తారు. సాయంత్రం వచ్చేటప్పుడు ఆ గొంతును అక్కడే బీరువాలో పెట్టి తాళం వేసి వస్తారని నా అనుమానం. వాళ్ళమ్మ ముందు ఆయన మాట్లాడితే మూడు మాటలు, నాలుగోది దగ్గు.

ఇక అత్తమ్మ పెరుగు. పొద్దున్నే బాలనర్సయ్య బర్రెపాలు పోసి పోతాడు. పెరట్లో దాలి ఉంటుంది. నేలలో గుంట తవ్వి పిడకలు వేసి పెట్టిన నిప్పు అది. మంట ఉండదు, సెగ ఉంటుంది. ఆ సెగ మీద మట్టికుండలో పాలు పొద్దంతా కాగాలి. పొంగొద్దు, మాడొద్దు, నిప్పు ఆరొద్దు. పొద్దు వాలే వేళకు పాలు ఎర్రబడి, మీద మీగడ రొట్టె మందాన కడుతుంది. అప్పుడు దించి, గోరువెచ్చగా అయ్యాక అత్తమ్మ తన గురిగి మూత తీసి చేమిరి వేస్తుంది. ఆ చిన్న మట్టి గురిగిలో చేమిరి పెళ్ళినాడు బయ్యారంలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నలభై నాలుగేళ్ళుగా ఏ రోజు పెరుగులోంచి ఆ రోజు కొంచెం తీసి మరునాటి పాలకు దాస్తూ వస్తోంది. ఇల్లు మారింది, మామయ్య పోయారు, గురిగి మాత్రం ఒక్కరోజు ఖాళీగా లేదు. దాంతో పేరుకున్న పెరుగును గరిటెతో తీయలేం, కోయాలి. చుట్టాలు వచ్చి మా పిల్లలను ముద్దు చేయడం మరిచిపోతారేమో గానీ, పెరుగును మెచ్చుకోవడం మరిచిపోరు.

ఆ పెరుగులో పని పంపకం ఇట్లా ఉండేది. చేమిరి ఆమెది, దాలి నాది. ఆమెకు మోకాళ్ళు వంగవు. కాబట్టి అరగంటకోసారి పెరట్లోకి పోయి, వంగి, పిడక తోసి, బూడిద కప్పి, పాలు చూసి రావడం నా వంతు. మెప్పు మాత్రం చేమిరికి. ఆ గురిగి మూత పన్నెండేళ్ళలో నేను ఒక్కసారి ఎత్తలేదు. నా చేయి చదువుకున్న చేయి కదా, చేమిరి బెదురుతుందట.

నేను హన్మకొండలో బీఏ చదివాను. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు బందై ఒక ఏడాది పోయింది గనుక మూడేళ్ళ చదువు నాలుగేళ్ళు చదివాను. “అందరు మూడేండ్లు సదివేది మా సరళ నాలుగేండ్లు సదివింది. అయినా పాలు ఎప్పుడు పొంగుతయో తెల్వది,” అని అత్తమ్మ వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పేది.

ఎనభై నాలుగు జనవరిలో, ఒక సోమవారం, నా పేరుమీద ఉత్తరం వచ్చింది. కాలేజీలో నా పక్కన కూర్చున్న అహల్య ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక ఆడపిల్లల బడి నడుపుతోంది. సోషల్ చెప్పే టీచరమ్మ కావాలి, వచ్చే సోమవారం పొద్దున్నే వచ్చి చేరాలి, రాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటాను, ఏమనుకోవద్దు అని రాసింది. పొద్దున పాసింజరుకు పోతే సాయంత్రం పాసింజరుకు రావచ్చు. ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పను గానీ, మంగళవారానికల్లా మడతల దగ్గర చిరిగింది.

అత్తమ్మకు చెప్పాను.

“నేనొద్దంటనా?” అంది. “పో. మంచిగ పో. సదువుకున్నదానివి. గని దాలి కాడ ఎవరుంటరు?”

అంతే. పిల్లలకు, వంటకు, బట్టలకు, అన్నింటికీ దారి ఆలోచించి పెట్టుకున్నాను. దాలికి దొరకలేదు. నా నౌకరి ఒక పాలకుండ మీద ఆగిపోయింది.

బుధవారం మా ఆయన బడి పిల్లలను హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయి, సాయంత్రం ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టి, దగ్గి, “పెరుగు చేసే మిషిను,” అన్నారు. మూడు మాటలు.

విప్పి చూస్తే తెల్లటి గుండ్రటి డబ్బా. లోపల మూతలున్న ఆరు గాజు గిలాసలు. ముందు ఒక ఎర్ర దీపం, పక్కన తిప్పే మర ఒకటి. పాలు కాచి, ఆరబెట్టి, చేమిరి కలిపి పోసి, మర తిప్పి వదిలేస్తే నాలుగైదు గంటల్లో పెరుగు. టైమైతే టక్కుమని అదే ఆరిపోతుంది. అంటే దాలి లేదు, పిడకలు లేవు, అరగంటకోసారి వంగడం లేదు. నేను మా ఆయన దిక్కు చూశాను. ఆయన గోడ దిక్కు చూస్తున్నారు. పన్నెండేళ్ళలో ఆయన చేసిన అతిపెద్ద తిరుగుబాటు అది.

అత్తమ్మ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగింది.

“కరెంటుతోని పెరుగా? తింటె షాకు కొట్టదా?”

“కొట్టదవ్వా.”

“ఈ చలికి నా పెరుగే గొంగడి కప్పితే గని పేరుకుంటలేదు. గీ డబ్బల పేరుకుంటదా? ఇగో, ఇద్దరు వినుండ్రి. ఆదివారం లోపల గీ డబ్బల పెరుగు పేరుకున్నదనుకో, సోమవారం నేనే సద్ది గట్టి, టేషన్ దాక వచ్చి, సరళను రైలెక్కిస్త. పేరుకోలేదనుకో, ఇగ నౌకరి ముచ్చట ఎత్తొద్దు.”

ఎత్తనన్నాను. ఒప్పుకున్నాక చూస్తే నాకే భయమేసింది.

డబ్బాతో పాటు ఒక కాగితం వచ్చింది. ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు. “అండ్ల ఏం రాసిండ్రో సదువు. నాలుగేండ్లు సదివినవ్ గద,” అంది అత్తమ్మ. చదివాను.

“పాలను మరిగించి గోరువెచ్చగా చల్లార్చవలెను. తోడు లేకుండా యంత్రమును వాడరాదు. తోడు ఎంత మంచిదైన పెరుగు అంత శ్రేష్ఠముగా నుండును.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో పాలల్లో వేసేది చేమిరి. తోడు అంటే మాకు మనిషే. దవాఖానకు తోడు పోతాం, ఊరికి తోడు పోతాం, ఇంట్లో ఒక్కదానివే భయపడతావని తోడు పడుకుంటాం. ఆంధ్రా దిక్కు చేమిరిని తోడు అంటారని నాకు హాస్టల్లో గుంటూరు పిల్ల వల్ల తెలిసింది. అత్తమ్మ హాస్టల్లో ఉండలేదు.

“ఏందీ? మల్ల సదువు.”

“తోడు లేకుండా వాడరాదు.”

ఆమె ముఖం వెలిగిపోయింది. “సూసినవా! దీనికి గూడ మనిషి కావాల్నట! ఒక్కదాన్ని ఇడిసిపెట్టొద్దట! మరి దాలికి దీనికి ఫరకేముంది? నువ్వు ఘన్‌పూర్ల సోషల్ జెప్పుకుంట కూసుంటే, దీనికి తోడెవరుంటరు?”

మా ఆయన నోరు తెరిచారు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. ఎందుకు తొక్కానో ఆ క్షణం నాకే తెలియదు. ఆలోచన కాలికి ముందు వచ్చింది, తలకు తర్వాత వచ్చింది.

“మీరే కూసోండ్రి అత్తమ్మా,” అన్నాను. “తోడు ఎంత మంచిదైతే పెరుగు అంత మంచిగొస్తదని రాసిండ్రు. నాకంటె మంచి తోడు మీరే గద.”

ఆమె కాదనలేదు. ఎట్లా అంటుంది?

గురువారం పొద్దున నేను పాలు కాచాను. చేమిరి అడిగితే, “మా అవ్వ ఇచ్చిన చేమిరి కరెంటుకు ఇయ్య,” అంది. హోటల్ నుంచి పెరుగు తెప్పించి కలిపి గిలాసల్లో పోసి, మర తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. అత్తమ్మకు కుర్చీ వేశాను. కొంగు సర్దుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్ల ముందు కూర్చున్నట్టు డబ్బా ముందు కూర్చుంది.

కొంతసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను పక్క గదిలో బియ్యం ఏరుతున్నాను. ఆమె గొంతు వినిపించింది.

“ఎర్రకన్నేస్కొని సూస్తవేందే?”

డబ్బా ఏమీ అనలేదు.

“మాట్లాడవా? నా కోడలు గూడ గిట్లనే. మనసుల ఉంటది, బయటికి రాదు.”

నేను బియ్యం వదిలి తలుపు వెనక్కి వచ్చాను. ఎవరైనా వస్తారు.

“మా బయ్యారంల మట్టే ఎర్రగుంటది, ఎరుకనా? రాళ్ళల్ల ఇనుముంటది. నాకు పద్నాలుగేండ్లు. పెండ్లయి నన్ను బండెక్కిచ్చేటప్పుడు మా అవ్వ నా ఒళ్ళె గురిగి వెట్టింది. మానుకోట దాక ఎడ్ల కచ్చురం, ఆడికెల్లి రైలు. నేను రైలెక్కుడు గదే మొదలు. కుదుపులకు ఒలుకుతదేమోనని జనగామ దాక రెండు చేతులతోని పట్టుకొనే కూసున్న. ఏడుపొస్తె కండ్లు తుడుసుకుందామన్నా చెయ్యి ఖాళీ లేకుండె.”

కుర్చీ డబ్బా దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది.

“ఈడికొచ్చినంక దాలి కాడ కూసోవెట్టిండ్రు. పొద్దుందాక పాలను సూసుడే. మాట్లాడనీకె మనిషి లేకుండె. పాలతోనే మాట్లాడేది. నువ్వు నయం. నీకు నేనన్న ఉన్న.”

అప్పుడు నాకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. మాడిపోయింది. తప్పు పప్పుది.

డబ్బా టక్కుమంది. మూత తీశాం. అందులో ఉన్నది పెరుగు కాదు. పెరుగు అవుదామని బయలుదేరి సగం దారిలో మనసు మార్చుకున్న పాలు. వంచితే నీళ్ళు నీళ్ళుగా పారింది, వాసన హోటల్ వెనక గల్లీలా ఉంది.

అత్తమ్మ గెలిచింది. సంతోషపడాలి. కానీ ఆమె గిలాసను పైకెత్తి, కిందికి దించి, నా దిక్కు చూడకుండా అడిగింది. “తోడు మంచిదైతె పెరుగు మంచిగొస్తదని రాసిండ్రంటివి?”

“అట్లనే రాసిండ్రు.”

“మరి నేను కూసున్న గద?”

“అదే నాకూ సమజ్ అయితలేదత్తమ్మా,” అన్నాను, చాలా జాలిగా.

ఆ పూట ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

శుక్రవారం మళ్ళీ పాలు కాచి గిలాసల్లో పోశాను. హోటల్ పెరుగు కలపడం మాత్రం ‘మరిచిపోయాను’. “ఆదివారం దగ్గరికొచ్చింది, ఇయ్యాల కూడా తోడు కుదరకపోతె ఏం జేస్తం,” అని గట్టిగా అనుకుంటూ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి పోయాను. వంటింటి కిటికీ పెరట్లోకే ఉంటుంది. దండెం మీది దుప్పటి పక్కనుంచి చూస్తే అంతా కనిపిస్తుంది.

శుక్రవారం నాడు పొద్దు వాలకముందు అత్తమ్మ చేమిరి గురిగి కదపదు, ఎవరడిగినా ఇవ్వదు. అది మా ఇంటి చట్టం. ఆ శుక్రవారం ఆమె అటూ ఇటూ చూసి, గూట్లోంచి గురిగి తీసి, కళ్ళకద్దుకుని, ఆరు గిలాసల్లో కొంచెం కొంచెం చేమిరి వేసి, స్పూనుతో తిప్పి, మూతలు పెట్టి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుంది. కూర్చుని డబ్బాతో అంది. “నా ఇజ్జత్ తియ్యకు.”

మధ్యాహ్నం టక్కుమంది. గిలాస తీసి నేను బోర్లించాను. పెరుగు జారలేదు. ఇంకోటి బోర్లించాను. అదీ జారలేదు. పట్టరాని సంతోషంతో మూడోది బోర్లించబోతుంటే అత్తమ్మ చేయి పట్టుకుంది. “చాలు. దానికి కండ్లు తిరుగుతయి.”

“అయితే సోమవారం నేను...”

“ఆగు,” అంది. “ఎందుకు పేరుకున్నది? నేను కూసున్న కాబట్టి పేరుకున్నది. అవునా? నువ్వు నౌకరికి పోతివనుకో, నేను దినాం పొద్దుందాక దీని ముంగట కూసోవాల్నా? నాకేం పని లేదా? దాలి కాడ నువ్వు, దీని కాడ నేను. మల్ల మనిషి కావాల్సిందే.”

నేను తవ్విన గుంటలో నేనే పడ్డాను. అసలు సంగతి చెప్తే, రెండు రోజులు ఆమెను ఒక డబ్బా ముందు కూర్చోబెట్టి ఆట పట్టించానని తెలుస్తుంది. చెప్పకపోతే నౌకరి పోతుంది. సాయంత్రం మా ఆయన బడి నుంచి వచ్చాక సంగతి చెప్పాను. “నిజం చెప్పెయ్,” అన్నారు చెవిలో. “మీరు చెప్పండి,” అన్నాను. ఆయనకు దగ్గొచ్చింది.

శనివారం పొద్దున కూడా ధైర్యం చాలలేదు. అత్తమ్మ కుర్చీలో, డబ్బా బల్ల మీద, నేను పొయ్యి దగ్గర. అప్పుడు ఎదురింటి లక్ష్మీకాంతమ్మ వచ్చింది. వాళ్ళాయన బ్యాంకులో పనిచేస్తారు, తెనాలి దిక్కు నుంచి బదిలీ మీద వచ్చి నెల రోజులైంది. ఆమె మాట్లాడితే రేడియో పెట్టినట్టుంటుందని అత్తమ్మ అంటుంది. మేం మాట్లాడితే ఆమెకు ఎట్లుంటుందో ఆమె మర్యాద కొద్దీ చెప్పలేదు.

“పిన్నిగారూ, కాస్త తోడిస్తారా?” అంది గుమ్మంలో నిలబడి.

“అయ్యో, దానికేంది బిడ్డా,” అని అత్తమ్మ లేచి, దండెం మీది శాలువా అందుకుంది. “పా. ఏడికి? దవాఖానకేనా?”

“అయ్యయ్యో, మీరెందుకండీ రావడం! నేనే గ్లాసు తెచ్చుకున్నాను.”

అత్తమ్మ ఆమె చేతిలోని గ్లాసును చూసింది. తన ఒంటిని ఒకసారి చూసుకుంది.

“గిలాసల నేనెట్ల పడ్త?”

లక్ష్మీకాంతమ్మ బిత్తరపోయింది. “మీరు కాదండీ, తోడు. పాలల్లో వేసుకోవడానికి. నిన్న పెరుగంతా మావాళ్ళు ఊడ్చేశారు, తోడుకి కూడా మిగల్లేదు.”

అత్తమ్మ శాలువాను మెల్లగా మళ్ళీ దండెం మీద వేసింది. గూట్లోంచి గురిగి తీసింది, చెంచాడు చేమిరి గ్లాసులో వేసింది. “గిదేనా తోడంటె?”

“అవునండీ, ఇదే.”

“మంచిది బిడ్డా. పోయి రా.”

ఆమె వెళ్ళిపోయింది. నేను పొయ్యి మీది గిన్నెలో ఏదో వెతుకుతున్నాను. గిన్నెలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

“సరళా.”

“ఆ, అత్తమ్మా.”

“నీకు ఎరుకనా?”

అబద్ధం ఆడొచ్చు. నాలుగేళ్ళు చదివినదాన్ని, ఏదో ఒకటి తోచేది. కానీ ఎర్ర మట్టి దారిలో గురిగి పట్టుకుని కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్ల నా తలలోంచి పోవడం లేదు.

“ఎరుకే.”

“ఎన్నటి సంది?”

“కాగితం సదివినప్పటి సంది.”

“అంటె రెండు దినాలు నేను డబ్బ ముంగట ఊకెనే కూసున్న.”

“కూసున్నరు.”

“దానికి నా పెండ్లి ముచ్చట జెప్పిన.”

“విన్న.”

“గదిగూడ విన్నవా?” గొంతు పెరిగింది. “ఏడిదాక విన్నవ్?”

“కండ్లు తుడుసుకోను చెయ్యి ఖాళీ లేకుండె అన్నరు. పాలతోనే మాట్లాడేదన్నరు. ఆడిదాక.”

అత్తమ్మ కిటికీ దిక్కు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి. ఘన్‌పూర్, అహల్య, సోషల్, అన్నీ ఒకదాని వెనక ఒకటి పాసింజరెక్కి పోతున్నట్టు అనిపించింది. దగ్గరికి పోయి చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “గిలాసల నేనెట్ల పడ్త అన్ననే! ఆమె ఏమనుకున్నదో!” అని మళ్ళీ నవ్వింది. నాకూ ఆగలేదు. బళ్ళోకి పోవడానికి సైకిలు తీస్తున్న మా ఆయన లోపలికి తొంగిచూసి, ఏం జరిగిందో అడిగే ధైర్యం లేక, సైకిలెక్కి పోయారు.

నవ్వు తగ్గాక అత్తమ్మ ముఖం తుడుచుకుంది.

“అయితె దీనికి మనిషి అక్కెర లేదంటవ్.”

“లేదు.”

“నేను నమ్మ. రేపు ఇంట్ల ఎవ్వరుండొద్దు. తాళం నేనేస్త. అప్పుడు పేరుకున్నదంటె పేరుకున్నట్టు.”

ఆదివారం పొద్దున పాలు కాచి ఆరబెట్టాను. అత్తమ్మ గురిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. తనే మూత తీస్తుందని నేను పక్కకు జరిగాను.

“ఏందట్ల సూస్తవ్? చేమిరి ఎయ్.”

“నేనా?”

“నేను గీ పొద్దు ముట్ట. నా చెయ్యి పడ్డదని మల్ల నేనే అంట.”

పన్నెండేళ్ళ తర్వాత ఆ మూత ఎత్తాను. లోపల చేమిరి తెల్లగా, మామూలుగా ఉంది. ఏమీ బెదరలేదు. ఆరు గిలాసల్లో కొంచెం కొంచెం వేసి కలిపాను.

మర తిప్పాం. అత్తమ్మ తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. అందరం కలిసి ఎదురింటికి పోయాం. లక్ష్మీకాంతమ్మ వచ్చినప్పటి నుంచి రమ్మంటోంది. ఆమె కాఫీ ఇచ్చింది. అత్తమ్మ మా తలుపు కనిపించే కుర్చీ ఏరుకుని కూర్చుంది. మా పిల్లలు వాళ్ళ పిల్లలతో ఆడుకున్నారు. మా ఆయన బ్యాంకు ఆయనతో రాజకీయాలు మాట్లాడారు. ఏకంగా ఏడెనిమిది మాటలు. అత్తమ్మ మాత్రం పది నిమిషాలకోసారి టైమెంతని అడుగుతోంది.

“ఒక్కతే ఉన్నది,” అంది ఉన్నట్టుండి.

“ఎవరండీ?” అంది లక్ష్మీకాంతమ్మ.

“ఎవ్వరు లేరులే,” అంది అత్తమ్మ. “మీ దిక్కు ఇంక దేనికి దేన్నంటరు, అన్ని ఒక్కసారే జెప్పు బిడ్డా. నేను మల్లొకసారి పరేషాన్ గాలేను.”

ఇద్దరూ మాటలు ఒకరికొకరు చెప్పుకుంటూ కూర్చున్నారు. సల్ల, మజ్జిగ. పొక్క, చిల్లు. నువ్వొకటి చెప్పు, నేనొకటి చెప్తా అన్నట్టు. భోజనాలు కూడా అక్కడే అయ్యాయి.

మధ్యాహ్నం వచ్చి తాళం తీశాం. ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. అత్తమ్మ తనే ఒక గిలాస తీసింది. బోర్లించలేదు. స్పూను దింపి, కోసి, నోట్లో వేసుకుంది. నేను, మా ఆయన ఆమె నోటినే చూస్తున్నాం.

“దాలి పెరుగు దాలి పెరుగే,” అంది.

నేను తల దించుకున్నాను.

“గని ఇది గూడ పెరుగే.”

గిలాస ఖాళీ చేసి, కడిగి బోర్లించి, కుర్చీని వంటింట్లోంచి తీసుకుపోయి హాల్లో పెట్టింది.

సోమవారం పొద్దున నేను జడ వేసుకుంటుంటే సద్ది డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది. పెరుగన్నం, మామిడికాయ తొక్కు. రిక్షాకు చెప్పి పంపించింది కూడా ఆమెనే. మోకాళ్ళు పట్టుకుని మెట్లు ఎక్కి, ప్లాట్‌ఫారం మీద సంచీ నా చేతికివ్వకుండా తనే మోసింది. పాసింజరు రాగానే ముగ్గురిని అడిగింది, “గీ బండి ఖాజీపేట దిక్కు పోయేదేనా?” అని. ముగ్గురూ అవునన్నా నమ్మకం కుదరక ఇంజను ఎటుందో చూసి వచ్చింది.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

“దాలి కాడ మనిషి లేకుంటె ఇల్లు నడువదన్న,” అంది, ఎవరికో చెప్తున్నట్టు. “నడుస్తది.”

“ఆదివారం దాలి రాజేద్దాం అత్తమ్మా. ఇద్దరం కూసుందాం.”

“ఆఁ. డబ్బకు జెప్పనియి ఇంక శానా ఉన్నయి.”

బండి కూత వేసింది. కదిలింది. అత్తమ్మ చేయి ఊచల మీదే ఉంది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి నాలుగడుగులు బండితో పాటు నడిచింది. ఏదో చెప్పాలని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఆమె అంత అవస్థ పడడం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి ప్లాట్‌ఫారం అంతా వినేటట్టు అరిచింది.

“సరళా! ఆనాడు రైలు తప్పు రాలేదే! నేనే తప్పెక్కిన!”